ఒక్కతే తీసిన పంట

మా ఆయన పోయిన మరుసటి ఏడు చింతామణిలో రేష్మె ఇలాఖాకు, అంటే సర్కారు పట్టు శాఖకు, ఆడవాళ్ళు కావాలన్నారు. ఊళ్ళు తిరిగి పట్టుపురుగుల పెంపకం నేర్పే పని. చదవడం, రాయడం రావాలి. ఒక పంటైనా సొంతంగా తీసి ఉండాలి. అత్త, నేను మిట్టేమరి నుంచి బస్సులో వెళ్ళి, తాలూకా కచేరి ముందు టైపు మిషను పెట్టుకున్నాయన దగ్గర అర్జీ కోసం కూర్చున్నాము.

చదువు, కన్నడం, తెలుగు సులభంగానే చెప్పాను.

"పురుగులు మేపినావామ్మా?"

"ఆయనకు సాయంగా మేపినాను."

"సాయమంటే పని ఇయ్యరు. నా పెండ్లాము గూడా నాకు సాయంగానే ఉండాది. ఆమెకు టైపు వస్తాదా?"

సొంతంగా తీసిన పంట ఒకటి ఉంది. పురుగులు నాలుగో జ్వరం దాటి, అంటే నాలుగోసారి పొర విడిచి, ఎడతెగకుండా ఆకు తినే రోజుల్లో మా ఆయన పోయాడు. మైల ఉన్నవాళ్ళు పురుగుల గదిలో అడుగుపెట్టకూడదు, పెడితే పంట పోతుందంటారు. మైల ఇంటికి బయటివాళ్ళు రారు. నేనే వెళ్ళాను. ఆకు వేస్తుంటే వెనకనుంచి ఆయన గొంతు వినబడేది. పలచగా వెయ్యి, మూలలు వదలొద్దు. నేను తిరిగి చూడకుండా, సరే అనేదాన్ని, పైకే. పట్టుగూళ్ళు బాగా వచ్చాయి. గది ముందు పంచలో కూర్చునే అత్త ఏమీ అడగలేదు.

అర్జీలో ఆ పంట నెల రాయాలి. ఆయన పోయింది ఆ నెలే అని మా వైపు అందరికీ తెలుసు. మైలలో పురుగు ముట్టినదాన్ని ఏ ఇల్లాలూ గదిలోకి రానివ్వదు. రాయకపోతే పని లేదు. రాద్దామన్నా, ఒక్కదాన్నే తీశానని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అత్తే అంది: "రాయి అప్పా. పోయిన కార్తీకంలో ఒక్కతే తీసింది."

"ఇంటాయన యాడుండె అప్పుడు?"

అత్త మిషను వైపు చూస్తూ అంది: "గదిలోనే ఉండె."

"అట్లయితే ఒక్కతే ఎట్లవుతాదమ్మా?"

"వాడు చెప్తా ఉండె. చేసింది ఇది."

టైపాయన మరి అడగకుండా ఒక్కతే అని కొట్టాడు. పని వచ్చింది. ఆ రోజుల్లో పంచలో కూర్చుని అత్త విన్నది నా గొంతో, మా ఆయన గొంతో, ఆమె ఉన్నన్నాళ్ళూ నేను అడగలేదు.