అన్నం పెట్టినావిడ పేజీ

వెబ్‌సైట్ లేని సంస్థని ఇప్పుడెవరూ సంస్థ కింద జమకట్టడం లేదని మా సెక్రటరీగారు ఏదో మీటింగుకి హైదరాబాదు వెళ్లి తెలుసుకొచ్చారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. అమలాపురంలో ఎరువుల కొట్టు మేడ మీద మా ఆఫీసు. తీరం ఊళ్లలో ఆడవాళ్లతో పొదుపు సంఘాలు పెట్టించడం, తుఫానులొస్తే సహాయం చెయ్యడం మా పని. కంప్యూటరు కోర్సు చేసినదాన్ని నేనొక్కదాన్నే కనక వెబ్‌సైటు బాధ్యత నా నెత్తిన పడింది. సంతోషంగానే మోశాను.

ఫొటోలన్నీ నేనే ఊరూరా తిరిగి తీయించాను. రాతలు మాత్రం సెక్రటరీగారు హైదరాబాదులో ఒక కంపెనీవాళ్లతో ఇంగ్లీషులో రాయించి, వాళ్లచేతే ఎక్కించేశారు. ఆ తర్వాత పాస్‌వర్డ్ నా చేతికిచ్చి, ఇకమీద మార్పులు చేర్పులు నువ్వే చూసుకోమన్నారు. నెట్ సెంటర్‌లో కూర్చుని మొదటిసారి తెరిచాను. బొమ్మలు పైనుంచి కిందికి బద్ధకంగా దిగుతున్నాయి. కాట్రేనికోన అవతల ఎండుచేపల వ్యాపారం చేసే ఒకావిడ నవ్వుతూ కనపడింది. కింద రాత చదివేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. మేము రాకముందు ఆవిడ తిండికి లేక చెయ్యి చాచేదట. తుఫాను రోజుల్లో మేమే అన్నం పెట్టి బతికించామట!

ఆ తుఫానులో అన్నం పెట్టింది ఆవిడ. తిన్నది మేము. బియ్యంతో బయల్దేరిన మా లారీ గండి పడిన రోడ్డు దగ్గర ఆగిపోయింది. ముందుగా పడవ మీద వెళ్లిన మేం కొందరం, సెక్రటరీగారితో సహా, ఆ ఊళ్లో చిక్కుకుపోయాం. ఆవిడ ఇల్లు కాస్త మెరక మీద ఉంది. అటక మీది బియ్యం దింపి, లారీ వచ్చేదాకా మాకూ, ఇరుగుపొరుగుకీ వండి పెట్టింది. ఎండుచేపల పులుసు సెక్రటరీగారు మారు వడ్డించుకుని మరీ తిన్నారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారే, మేం అంతటితో ఊరుకోలేదు. ఆ ఇల్లే మేం నిలబెట్టామని రాసుకున్నాం.

వెళ్లి అడిగితే సెక్రటరీగారు చిరాకు పడ్డారు. "ఇలా రాస్తేనే దాతల మనసు కరుగుతుందమ్మా. అయినా ఆవిడ చూడొచ్చిందా, చదవొచ్చిందా?"

ఆవిడ చూడలేదు. కువైట్‌లో డ్రైవరుగా ఉన్న ఆవిడ తమ్ముడు చూశాడు. అతని గదిలోనే ఉండే రాజోలు ఆయనెవరో మన ఊళ్ల పేర్లు నెట్‌లో వెతుకుతూ ఈ పేజీ పట్టుకుని, అందరి ముందూ చదివి అర్థం చెప్పాడట. గది నిండా కోనసీమ వాళ్లే. "నేను పంపిన డబ్బంతా ఏం చేసేవు? నేను బతికుండగా అడుక్కుతిన్నావా?" అని తమ్ముడు అక్కకి ఫోన్ చేసి, జవాబు వినకుండా పెట్టేశాడు. మళ్లీ చెయ్యలేదు.

ఆవిడ బస్సు దిగి నేరుగా మా మేడెక్కింది. సెక్రటరీగారు ఊళ్లో లేరు.

"నాకున్నది ఆ తమ్ముడొక్కడేనండి. ఆడు నాతో మాటాడ్డం మానేసేడు. నేనెప్పుడు చెయ్యి చాచేనో చెప్పండి అమ్మాయిగారూ."

"నువ్వు చాచలేదక్కా. మేమే చాచాం."

"మరలాగే రాయండి. ఆ బియ్యం ఆడు పంపిన డబ్బులతో కొన్నవేనండి. అదీ రాయండి."

అబద్ధం రాసేటప్పుడు ఆవిణ్ణి ఎవరైనా అడిగారా? నిజం రాయడానికి నేను మాత్రం ఎవరినెందుకడగాలి? ఆవిణ్ణి వెంటబెట్టుకుని నెట్ సెంటర్‌కి పోయి పాత రాత తీసిపారేశాను. కొత్తది ఇంగ్లీషులో కొడుతూ, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. పేదదైనా మా అందరికీ అన్నం పెట్టింది అని మొదలుపెట్టగానే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"పేదదంటారేంటండీ? అంతమందికి పెట్టినదాన్ని పేదదంటారా ఎవరన్నా?"

ఆ మాట కొట్టేశాను. మిగతాది ఎక్కించి, పాస్‌వర్డ్ కూడా మార్చేశాను. తమ్ముణ్ణి మళ్లీ చూడమని, చూసి మా ఆఫీసుకి ఫోన్ చెయ్యమని ఆవిడ అతని భార్యచేత కబురు పెట్టించింది.

ఫోన్ కోసం ఆవిడ వచ్చి కూర్చున్న పూటే సెక్రటరీగారు మండిపడుతూ దిగారు. పేజీ మారిందని హైదరాబాదు వాళ్లు చెప్పారట.

"ఎవరినడిగి మార్చావమ్మా? ఇలా రాస్తే రేపు మనకెవరిస్తారు? ముందా పాస్‌వర్డ్ ఇటియ్యి."

"ఇవ్వనండి."

"ఉద్యోగం పోతుంది."

"పోనివ్వండి. పాత రాత మళ్లీ ఎక్కించాలంటే, ఆవిడ ఇక్కడే ఉన్నారు, మేమే మీకు అన్నం పెట్టామని ఆవిడ మొహం చూసి ఒక్కసారి అనండి. అప్పుడిస్తాను."

ఆయన ఆవిడ వైపు చూడలేదు. ఈలోగా ఫోన్ మోగింది, దాని తెర మీద విదేశం నంబరు. విదేశాల నుంచి కాల్ వస్తే స్పీకర్ నొక్కి ఆఫీసంతటికీ వినిపించడం ఆయనకి సరదా. అలాగే నొక్కారు.

"సెక్రటరీగారాండి? నమస్కారమండి. కువైట్ నుంచండి."

"ఆయ్, చెప్పండి చెప్పండి" అన్నారాయన, దాత అనుకుని.

"మీ పేజీ చదివించుకున్నామండి. చాలా బాగా రాసేరు. ఒక్కటే తెలీక అడుగుతున్నానండి. ఆ బియ్యం మా డబ్బులతో కొన్నవి కదండీ, అన్నం సరిగ్గా ఉడికిందాండి అప్పుడు? భోజనాల దగ్గర తమరేమీ ఇబ్బంది పడలేదు కదండీ?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. సెక్రటరీగారు ఫోన్ మీదికి వంగారు.

"లేదండి" అన్నారు. "కడుపునిండా తిన్నామండి."

"ఆయ్. అయితే మా అక్కకివ్వండి ఫోను."

ఆయన రిసీవరు తీసి ఆవిడకి అందించారు. పాస్‌వర్డ్ మాట మళ్లీ నాతో ఎత్తలేదు. ఎత్తినా ఇచ్చేదాన్ని కాదు.