అందరినీ సూపర్‌యూజర్లను చేశాను

పెదకాకానిలో మా సత్సంగం పారాయణకు పద్దెనిమిది మందిమి తలో అధ్యాయం చదువుతాం. ఎవరు ఏ రోజు చదవాలో రాసుకోవడానికి నేను జాంగో నేర్చుకుంటూ చిన్న వెబ్‌సైట్ చేశాను. దేవుడి ముందు అందరం ఒకే చాప మీద కూర్చునేవాళ్లం, ఇక్కడ ఎక్కువతక్కువలు ఎందుకని అందరికీ సూపర్‌యూజర్ అనుమతి, అంటే సైట్‌లో ఏదైనా మార్చే, తీసేసే అధికారం, ఇచ్చేశాను.

మర్నాడే, పన్నెండో అధ్యాయం చదివే పిన్నిగారు తన రోజు మార్చుకోబోయి పద్దెనిమిది పేర్లూ తొలగించేశారు.

"ఇంక దాని జోలికి రాను నాయనా. నా అధ్యాయం కూడా ఇంకెవరికన్నా ఇచ్చెయ్," అన్నారు కళ్లు తుడుచుకుంటూ.

"తప్పు మీది కాదు పిన్నిగారూ, నాది," అన్నాను.

"మరి ఇంత చదివి ఏం లాభంరా!" అన్నారు పక్కనే ఉన్న బాబాయిగారు.

ఆ మాట నిజమే. పారాయణలో ఒకరి అధ్యాయం మరొకరు అందుకోరు. అది ఎక్కువతక్కువ కాదు, ఎవరి ధర్మం వారిది. ఇన్నేళ్లు ఆ చాప మీద కూర్చుని కూడా నాకు తట్టలేదు. పేర్లన్నీ మళ్లీ ఎక్కించాను. అందరి సూపర్‌యూజర్ టిక్కులూ తీసేసి, పట్టిక అందరూ చూడొచ్చు, మార్చడం మాత్రం ఎవరి వరుస వారే అని కోడ్ రాశాను. తొలగించే అనుమతి ఎవరికీ ఇవ్వలేదు.

బతిమాలి పిన్నిగారి చేతికి ఫోనిచ్చాను. ఆవిడ భయపడుతూనే ముందు బాబాయిగారి రోజు మార్చి చూశారు. కుదరలేదు.

"ఎంత నొక్కినా ఒప్పుకోవట్లేదురోయ్!" అని పకపకా నవ్వారు.

తరవాత తన వరుస తెరిచి, పన్నెండో అధ్యాయానికి శుక్రవారం పెట్టుకున్నారు.