అన్నకు పనికిరాని నా కిడ్నీ

హైదరాబాద్ ఆసుపత్రిలో డాక్టరు ‘మీ కిడ్నీ తీసుకోలేం’ అన్నప్పుడు నాకు ముందు కోపం వచ్చింది. కాళ్లరిగేలా తిరిగినా ఇచ్చేవాళ్లు దొరకని వస్తువది. నేనే వచ్చి కోసుకోండని పడుకుంటే వద్దంటాడేమిటి?

ఇవ్వాల్సింది మా అన్నకు. మా మల్లాపూర్ దిక్కు ఏ దేశం పోయినా దుబాయి పోయిండనే అంటారు. అన్న నిజానికి పోయింది మస్కట్. ఎండలో సెంట్రింగ్ పని, తాగే నీళ్లు తక్కువ, ఒళ్లునొప్పుల గోలీలు ఎక్కువ. కాళ్లు, మొహం ఉబ్బి తిరిగొచ్చేసరికి కిడ్నీలు రెండూ పోయాయి. ఇక జగిత్యాలలో రోజు విడిచి రోజు డయాలసిస్. మమ్మల్ని కన్న అవ్వ ఇస్తానంటే షుగర్ ఉందని వద్దన్నారు. వదినది బ్లడ్ గ్రూపు కలవలేదు. మిగిలింది నేను. సిరిసిల్లలో సాంచెలు నడుపుతూ బతికేవాణ్ణి. అప్పటికి ఆ మరమగ్గాలు నడిచిన రోజుల కంటే ఆగిన రోజులే ఎక్కువ. కిడ్నీ ఇస్తానంటే నా భార్య కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. తర్వాత తనే “ఒకటిచ్చినా ఇంకోటి ఉంటది గద, పో” అంది.

నా గ్రూపు, అన్నది ఒకటే అయింది. ఆ రోజు ఇంట్లో పెళ్లి కుదిరినంత సంబరం. ఆ తర్వాత వైరస్ పరీక్షలన్నారు. ఇచ్చేవాడి ఒంట్లో దాగిన జబ్బు కిడ్నీతో పాటు రోగికి పోకూడదట. ఎయిడ్స్‌కు ఒక పరీక్ష, కాలేయాన్ని పాడుచేసే కామెర్ల వైరస్‌లకు వేరే పరీక్షలు. ఎయిడ్స్ మాట వినగానే నా భార్య నా మొహంలోకి ఒక చూపు చూసింది. ఏ తప్పూ చేయకుండానే నాకు చెమటలు పట్టాయి. అది లేదని తేలింది. హెపటైటిస్-బి ఉందని తేలింది.

“నాకు కామెర్లు ఎన్నడు రాలె సార్,” అన్నాను.

“రాకపోయినా ఉండొచ్చు. ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉంటుంది,” అన్నాడు డాక్టరు. “మీ అన్నకు కొత్త కిడ్నీ నిలవాలంటే, రోగాన్ని ఎదిరించే శక్తిని మందులతో తగ్గించాలి. అప్పుడు ఈ వైరస్ ఆయన మీద విరుచుకుపడుతుంది. మీ భార్యకు, పిల్లలకు కూడా పరీక్ష చేయించండి.”

తల ఊపాను. ఏం అర్థమైందని అడిగితే చెప్పలేను. నన్నేమీ చేయనిది అన్నను చంపుతుందట. వైరస్ నాదట, రోగిని మాత్రం నేను కాదట.

బస్సులో కోరుట్ల దాకా అదే ఆలోచన. అన్న మస్కట్ పోయిన కొన్నాళ్లకు నేనూ గల్ఫ్ వీసాకు రక్తం, ఛాతీ పరీక్షించే మెడికల్‌కు పోయాను. అన్‌ఫిట్ అన్నారు. ఎందుకని అడిగితే ఏజెంటు “నసీబు” అన్నాడు. ఛాతీలో మచ్చ ఉందేమోనని బీడీలు మానేసి, రోజూ గుడ్లు తిన్నాను. గుడ్లు ఏ మచ్చను కడిగాయో గానీ, అసలు కారణం ఇదేనా? ఇదే అయితే ఆనాడు ఒక్క మాట చెబితే వాళ్ల సొమ్మేం పోయేది? ఎవరిని తిట్టాలో తెలియక, పక్క సీట్లో నిద్రపోతూ నా భుజం మీద వాలినవాణ్ణి కసిరాను.

మల్లాపూర్ ఇంట్లో సంగతి చెబితే అవ్వ “కామెర్లే గదరా, పసరు పోసుకుంటె పోతయి. పోసుకోని మల్ల టెస్టు చేయించుకో” అంది. వదిన అన్నం పెట్టింది. అన్న మంచంలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నేను తినడం అయ్యేదాకా వదిన ఆగింది.

“తమ్మీ, మెడికల్‌ల ఫెయిలైతమని భయమున్నోళ్లు ఇంకొకన్ని పంపి రక్తం ఇప్పిచ్చేటోళ్లట గద? గట్లనే వేరే దవఖానకు పోయి, నీ పేరు మీద ఇంకెవలతోనన్న ఇప్పిస్తె?”

నవ్వి కొట్టేసే మాట కాదు. అలా వెళ్లి ఇల్లు కట్టుకున్నవాళ్లు ఉన్నారని మా దిక్కు అందరూ చెప్పుకునేవారు. మాకు తెలిసినంతలో మెడికల్ అంటే దాటాల్సిన గడప. ఎలా దాటావని ఎవరూ అడగరు. నిజం చెప్పాలంటే నా బుర్ర అప్పటికే పక్క సాంచె నడిపే దోస్తు దగ్గరికి పోయింది. వాడి గ్రూపూ అదే, అడిగితే కాదనడు. రక్తం వాడిది, కిడ్నీ నాది. ఇందులో ఏదో తిరకాసు ఉందని తెలుస్తోంది, ఎక్కడుందో తెలియడం లేదు.

అన్న ఇటు తిరిగాడు.

“ఓ పిచ్చిదానా, ఆడ మోసపోయేటోడు దుబాయి సేటు. గీడ మోసపోయేటోన్ని నేను గాదె?”

“మరేం జెయ్యాలె? నిన్ను చూసుకుంట కూసోవాల్నా?” అని వదిన అరిచింది.

“జగిత్యాలల గీ వైరస్ ఉన్నోళ్లకు వేరే మిషన్ ఉన్నది. ఆళ్లను మూలకు పండవెడ్తరు, మా దిక్కు రానియ్యరు. పోయినప్పుడల్ల చూస్తున్న నేను. తెలిసి తెలిసి అది నా ఒంట్ల పెట్టుకోవాల్నా?”

వదిన నా ఎంగిలి కంచం తీయడానికి వంగింది. వైరస్ దానికి కూడా అంటుకుందేమోనని భయమేసి, ఆమె చేతిలోంచి లాక్కోబోయాను. ఇవ్వలేదు.

“నీ పిల్లలకు టెస్టు చేయించినవా?” అంది.

చేయించలేదు. అన్న ధ్యాసలో డాక్టరు చెప్పిన ఆ మాటే మరిచిపోయాను. వదిన నన్ను తిట్టిన తిట్లు రాయదగినవి కావు. మర్నాడు అన్నకు తోడుగా అవ్వను జగిత్యాల పంపి, తను నాతో సిరిసిల్ల వచ్చింది. నా భార్యను, పిల్లలిద్దరినీ వెంటేసుకుని ల్యాబుకు తీసుకుపోయి రక్తం ఇప్పించింది. రాత్రి పరీక్షను మాయ చేద్దామన్న మనిషే, ల్యాబు అతన్ని “ఉంటె ఉన్నదను, లేకుంటె లేదను. నిజమే చెప్పు తమ్మీ” అని బతిమాలింది.

ముగ్గురికీ లేదు. టీకాలు వేయిస్తే చాలన్నారు. వదిన ల్యాబు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నేను అన్నకు ఫోన్ చేశాను. డయాలసిస్ మీదే ఉన్నాడు.

“లేదటనే అన్నా, ముగ్గురికి లేదట.”

“లేదా!” అన్నాడు. పక్క బెడ్ ఆయనకు “మా తమ్ముని పిల్లలకు లేదట” అని చెప్పడం కూడా వినిపించింది. ఆ గొంతులో అంత హుషారు విని ఎన్నాళ్లయిందో. కాసేపటికి మళ్లీ నాతో అన్నాడు.

“ఇగ నాకోసం ఉరుకుడు బంజెయ్యి తమ్మీ. ఆళ్లకు సూదులిప్పియ్యి.”

సరేనన్నాను. అన్న ఫోన్ పెట్టేశాడు. వదిన కళ్లు తుడుచుకుని, తానూ మాట్లాడతానని చేయి చాచింది. ఉరుకుడు ఆపమంటే సరేనన్నానని ఆమెకు ఎలా చెప్పాలో తెలియక, ఆ ఫోన్ చెవికి అలాగే పెట్టుకుని నిలబడ్డాను.