నాలుగింట్లో ఒకటి

వైద్య కళాశాలలో చేరిన రోజే వాడి అసలు పేరు పోయింది. ప్రవేశ పరీక్షలో అందరికన్నా ముందు నిలిచాడు కాబట్టి "ఫస్టు" అన్నారు. గదిలో పక్క మంచం వాడికి, ఎవరో సీటు వదులుకుంటే జాబితా అడుగున చోటు దొరికింది కాబట్టి "ఆఖరు" అన్నారు. తలుపు మీద సుద్దతో ఆ రెండు పేర్లూ రాశారు. తుడిపేస్తే మళ్లీ రాశారు.

పుస్తకాల చదువు నడిచినన్నాళ్లూ ఫస్టుకు తిరుగులేదు. ఎముకలూ, నరాలూ, మందుల పేర్లూ వాడికి కొట్టిన పిండి. నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమంటే, ప్రశ్న పూర్తిగా చదవకముందే వేలు సరైనదాని మీద వాలేది. అంటే ప్రవేశ పరీక్ష అబద్ధం చెప్పలేదు. తాను చూసినంతవరకు నిజమే చెప్పింది. చూడనిదాని గురించి దాన్నెవరూ అడగలేదు, అంతే.

అది చూడనిది వార్డు. అక్కడ మంచం మీద మనిషి ఉంటాడు, కింద జవాబులుండవు. ఫస్టుకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆఖరు మాత్రం స్టూలు లాక్కుని, "ఏంటి పెద్దాయనా, సంగతులు?" అని చెవులప్పగించి కూర్చునేవాడు. రోగులు ఇంట్లో గొడవల దగ్గర మొదలుపెట్టి, ఎప్పటికో నొప్పి దగ్గరికి వచ్చేవాళ్లు. ఫస్టుకు అంత ఓపికెక్కడిది? తెలివైనవాడు కదా, ఉపాయం కనిపెట్టాడు. ప్రశ్నతో పాటు జవాబులూ తానే ఇవ్వడం మొదలుపెట్టాడు.

చివరి సంవత్సరం పరీక్ష వచ్చింది. గట్టెక్కితే డాక్టరు. అంతకుముందు కాలేజీలోనే పెట్టిన వార్డు పరీక్షలో ఒకసారి తప్పాడు. ఈసారి వాడికిచ్చిన రోగి ఒక దర్జీ, నోట్లో నాలుక లేని మనిషి.

"నొప్పి ఎలా ఉంటుంది? మండినట్టా, పొడిచినట్టా, మెలిపెట్టినట్టా, సలిపినట్టా?"

దర్జీ బిక్కమొహం వేశాడు. "మంటే అనుకుందాం బాబూ."

ఇంకేం, కడుపులో పుండని ఫస్టు గుక్క తిప్పుకోకుండా ఒప్పజెప్పాడు. పరీక్ష చేసే పెద్దావిడ అంతా విని, దర్జీ వైపు తిరిగింది. "మీరు చెప్పండి. ఏమవుతుంది?"

"మెట్లెక్కితే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటుందమ్మా. ఆగితే తగ్గిపోతుంది."

"మరి ఈయనకు చెప్పలేదేం?"

"బాబు అడిగిన నాలుగింట్లో అది లేదండి. దగ్గరగా ఉన్నది చెప్పాను. నా వల్ల ఆయనకేం ఇబ్బంది రాదు కదా?"

ఫస్టు తప్పాడు. ఆఖరు గట్టెక్కాడు. "మళ్లీ రాయరా. వార్డు పని నేను దగ్గరుండి నేర్పిస్తా," అన్నాడు. ఆఖరు నేర్పడం, ఫస్టు నేర్చుకోవడం! వాడికి తల కొట్టేసినట్టయింది. పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేశాడు. అలాంటివాణ్ణి చూసి జాలిపడాలో, రెండు తగిలించాలో తెలియదు.

తర్వాత ప్రవేశ పరీక్షకు కోచింగ్ ఇచ్చే చోట పంతులయ్యాడు. గోడ మీద వాడి పాత ఫొటో, దాని కింద ర్యాంకు ఇంతింత అక్షరాల్లో ఉంటాయి. పిల్లలు దాని కిందే కూర్చుని నాలుగింట్లో ఒకటి ఎంచుకోవడం నేర్చుకుంటారు. "మావాడు డాక్టర్లని తయారుచేస్తాడు," అని తల్లి ఇరుగుపొరుగుతో గొప్పగా చెప్పుకునేది. ఆ మాట వినపడినప్పుడల్లా వాడికి ప్రాణం చచ్చిపోయేది.

ఏళ్లు గడిచాక ఒక సాయంత్రం తల్లి వంటింటి గడప మీద చతికిలబడింది. పేపర్లు దిద్దుతున్నవాడు తలెత్తాడు.

"ఏమ్మా, నొప్పా? మంటా, పోటా, మెలిపెడుతోందా, సలుపా?"

ఆవిడ కొడుకు చేతిలోని ఎర్ర పెన్ను వైపు చూసింది. "మంటే నాన్నా."

కడుపు మంట మందు తాగించి, పడుకోబెట్టి, మళ్లీ పేపర్లు పట్టుకున్నాడు.

తెల్లారేసరికి ఆవిడ మంచం దిగలేకపోయింది. దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్తే, అక్కడ గుండె డాక్టరు ఆఖరే. నర్సుకు చేయాల్సినవి పురమాయిస్తూనే స్టూలు లాక్కున్నాడు. "ఏంటమ్మా, సంగతులు?" అన్నాడు. ఆవిడ కారే కుళాయి గురించి మొదలుపెట్టి, నిన్న బిందె ఎత్తబోతే గుండెల మీద బండ పెట్టినట్టయిందనీ, చెయ్యంతా లాగేసిందనీ చెప్పింది.

ఆఖరు స్నేహితుణ్ణి వరండాలోకి తీసుకెళ్లాడు. "గుండె చాలావరకు దెబ్బతిందిరా. నిన్ననే తెచ్చుంటే ఏదైనా చేసేవాణ్ణి. ఇక నా చేతుల్లో లేదు."

ఫస్టు లోపలికొచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. "నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వడిగినవాట్లో అది లేదు కదరా. దగ్గరగా ఉన్నది చెప్పాను." ఆయాసపడుతూనే బెదురుగా వాడి మొహంలోకి చూసింది. "తప్పు చెప్పానా?"

"లేదమ్మా. రైటే."

ఆవిడ నిశ్చింతగా కళ్లు మూసుకుంది. తాను ఇంకా నిలబడే ఉన్నానని వాడికి అప్పుడు తెలిసింది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అడగడానికి ఏమీ మిగల్లేదు.