డెలియా అమలుచేసిన వీలునామా

ఐర్లండ్‌లోని లీట్రిమ్ కొండల్లో మా ఇరుగుపొరుగుకి డెలియా మెక్‌మారో నెమ్మదస్తురాలు. ఆ నెమ్మదికి కోరలుంటాయని ఆమె తండ్రి ప్యాకీ పోయాకే మాకు తెలిసింది.

ఇరవై ఆరేళ్లు ఆయనకు వండిపెట్టింది. చివరి తొమ్మిదేళ్లూ ఎత్తి కడిగింది. తమ్ముడు యూజీన్ డబ్లిన్‌లో ఇళ్లూ స్థలాలూ అమ్మిపెట్టే వ్యాపారి. క్రిస్మస్‌కి వచ్చి టీ తాగి వెళ్లేవాడు. అంత్యక్రియల రోజు చర్చిలో నిలబడి, "నాన్నని మేం పువ్వులా చూసుకున్నాం" అన్నాడు. ఊరంతా తలూపింది. నేనూ ఊపాను, ఆ సిగ్గు ఇంకా పోలేదు.

వీలునామాలో ముప్పై ఒక్క ఎకరాలూ ఇల్లూ కొడుక్కే. కూతురికి బతికినన్నాళ్లు ఆ ఇంట్లో ఉండే హక్కు, ఒక ఆవుకి మేత, చలికాలమంతా పొయ్యిలోకి ఎండిన నల్లమట్టి పెళ్లలు గుమ్మం దాకా తెచ్చిపెట్టడం, ఆదివారం చర్చిలో పూజకి బండిలో సీటు. పెళ్లికాని కూతుళ్లకి ఇలా రాయడం మా వైపు ముత్తాతల నాటి అలవాటు. చాకిరీకి ప్రేమ అని పేరుపెట్టి వాటా ఎగ్గొట్టే అలవాటది. వీలునామా అమలుచేసే పని మాత్రం ప్యాకీ డెలియాకే అప్పగించాడు, రాతకోతలు దానికే వచ్చని. ఆయన చచ్చాక కూడా ఆమెకి చాకిరీయే.

సమాధి మీద మట్టి ఆరకముందే యూజీన్ ఆ భూమిని కలప కోసం చెట్లు పెంచే కంపెనీకి బేరం పెట్టాడు. ఇక్కడ కంపెనీ చెట్లు నాటితే కిటికీ దాకా నాటుతుంది. పదేళ్లలో ఇంట్లోకి ఎండ రాదు. కొండకి అవతల అలా చీకటైపోయిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. డెలియాకి మిగిలింది ఆ ఇంట్లో వెలుతురొక్కటే. అదీ పోయేలా ఉంది.

ఆమె అరవలేదు. మనిషి పోయాక ఏడాది దాటేదాకా ఆస్తి పంచలేదని ఎవరూ కోర్టుకెక్కలేరని లాయర్ టియర్నీ చెబితే, ఆ ఏడాదిలో ఒక్క రోజు కూడా వదల్లేదు. లాయరుకి ఉత్తరానికి ఒకే ప్రశ్న రాసేది. జాబు వచ్చాక పదిహేను రోజులు ఆగి ఇంకోటి. కోళ్లగూటికి, విరిగిన పారకి, తండ్రి మరుగుదొడ్డి కుర్చీకి కూడా విలువ కట్టించింది.

"అక్కా, ఏడాది దాటింది. పైన నాన్న విసుక్కుంటుంటాడు," అని యూజీన్ ఫోన్ చేశాడు.

"విసుక్కోనీరా. ఇరవై ఆరేళ్లు ఆ విసుగు నేను భరించా. ఇప్పుడు నీ వంతు."

"కంపెనీవాళ్లు ఆగరే!"

"వాళ్లని పువ్వులా చూసుకో."

యూజీన్ డబ్లిన్ లాయరుతో నోటీసు పంపించాడు. వీలునామాలోని ప్రతి మాటా నెల లోపల అమలు చేయాలి, లేదంటే కోర్టు. ఆ ఆవు, ఆ పూజ సీటు వాడికి తాతల కాలపు తమాషా. వాటిని ఎవరూ చదవరనుకున్నాడు.

డెలియా ఆ నోటీసు పట్టుకుని టియర్నీ ఆఫీసుకి వెళ్లింది.

"మీ తమ్ముడికి కోపం వచ్చినట్టుందండీ," అన్నాడాయన.

"న్యాయమే అడిగాడు. ప్రతి మాటా అమలు చేద్దాం. నా హక్కులన్నీ భూమి పత్రాల మీదకి ఎక్కించండి. రేపు ఎవడు కొన్నా వాడి నెత్తిమీదే ఉండాలి."

టియర్నీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "కంపెనీ మిమ్మల్ని పూజకి తీసుకెళ్లాలా?"

"డ్రైవరెవరైనా నాకు ఫరవాలేదు."

భూమి యూజీన్ పేరుకి, దాని మీద హక్కులు తన పేరుకి రిజిస్ట్రేషన్ అయ్యాక ఆమె ఆవుని కొంది. ఆ పత్రాలు చూసి కంపెనీ వారంలో బేరం మానుకుంది. ఆదివారం తొమ్మిదిన్నరకి యూజీన్ కారు గేటు దగ్గర ఆగింది. డబ్లిన్ నుంచి రెండున్నర గంటల దారి. నిద్రలేక వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. డెలియా వెనక సీట్లో కూర్చుంది.

"నువ్వు ఆదివారం పూజకి వెళ్లి పదేళ్లయింది కదే!"

"నాన్న నా భక్తి గురించి రాయలేదు, సీటు గురించి రాశాడు. కారు పోనియ్."

నాలుగో ఆదివారానికి వాడు దిగొచ్చాడు. చర్చి బయట అందరం వింటుండగానే అడిగాడు. "అక్కా, ఆ నేలలో మొక్క నాటను, నాటేవాడికి అమ్మను. రాసిస్తా. ఈ ఆదివారాలు వదిలెయ్యవే."

"ముందు రాసివ్వు."

మంగళవారం టియర్నీ ముందు రాసిచ్చాడు. సంతకం ఆరేదాకా ఆమె కాగితం మీంచి కళ్లు తీయలేదు. తర్వాత మడిచి చేతిసంచిలో పెట్టుకుంది.

"మరి ఆదివారం?" అన్నాడు యూజీన్, పెన్ను ఇంకా చేతిలోనే ఉంది.

"మొన్న ఐదు నిమిషాలు ఆలస్యమయ్యావురా," అంది డెలియా. "ఈసారి తొందరగా బయల్దేరు."