జయకుమారి టీచరు మాండలిన్‌కి కొత్త మెట్లు

హిందీ ప్రాంతపు ఉక్కునగరంలో, సోనారి పేటలో ఉండే జయకుమారి టీచరు మాండలిన్ ముట్టుకోక ఎనిమిది నెలలైంది. అంతకుముందు ఇరవై రెండేళ్లు తెలుగు చర్చిలో పాటలకు ఆమే వాయించింది. ఆ మాండలిన్ ఆమె తండ్రి ఆమోసుది. రైల్వేలో పనిచేసిన ఆయన, బాగ్‌బేరా క్వార్టర్సులో కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పాడు.

యాభై ఎనిమిదో ఏట ఆమెకు వేళ్లు నొప్పిపెట్టసాగాయి. తీగ నొక్కితే జరజరమనేది. పై స్వరాలు చర్చిలో నోయల్ వాయించే కీబోర్డుతో కలిసేవి కావు. ఒక ఆదివారం పాట మధ్యలోనే చెయ్యి ఆపేసింది. ఇంటికొచ్చి మాండలిన్‌ని బీరువా మీద పెట్టేసింది.

"వయసైపోయింది. నా వేళ్లు పనికిరావు," అంది కూతురితో.

"తో డాక్టర్ కో దిఖావో నా, మమ్మీ," డాక్టరుకి చూపించమని హిందీలో అంది ప్రిస్సీ.

డాక్టరు కీళ్లకేమీ లేదన్నాడు. ఆమె నమ్మలేదు.

ప్రిస్సీ గమ్హరియాలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తుంది. అక్కడి టూల్‌రూమ్ ఫిట్టరు సత్యప్రసాద్ భజనల్లో మాండలిన్ వాయిస్తాడు, తన వాద్యం తానే బాగుచేసుకుంటాడు. ప్రిస్సీ అడిగితే ఆదివారం మధ్యాహ్నం స్కూటరు మీద వచ్చాడు.

వాయించి చూపించమనలేదు. జేబులోంచి స్టీలు స్కేలు తీసి, మెడ మీద అడ్డంగా ఉన్న ఇత్తడి మెట్ల మీద పెట్టి, వెలుతురుకేసి ఒంటికన్నుతో చూశాడు.

"టీచరమ్మా, ఈ ఫ్రెట్లు మార్చి ఎన్నేళ్లయింది?"

"మార్చడమేటి? మా నాన్న కొన్నప్పటివే."

"మూడోదాన్ని తడిమి చూడండి. గొయ్యి తగిలిందా? మీరు నొక్కిన చోటల్లా అరిగిపోనాది. తీగ ఆ గోతిలో కూకుంటే ముందున్న ఫ్రెట్టుకి తగులుతాది. అదీ ఆ జరజర. అది పోవాలని ఎవులో తీగల కిందుండే ఈ చెక్కని, బ్రిడ్జిని, ఎత్తీసినారు. తీగ అంతెత్తునుంటే నొక్కడానికి ఏలు నొప్పెట్టదా? అంత కిందికి నొక్కితే తీగ సాగి సొరం పైకెళ్లిపోద్ది."

"ఎత్తింది నేనే," అందామె మెల్లగా. "మరి నా వేళ్లు?"

"ఈ ఎత్తు మీద ఇన్నాళ్లు వాయించినారంటే అవి గట్టి ఏళ్లమ్మా!"

టీ పెడతానని ఆమె వంటింట్లోకి వెళ్లింది. స్టవ్ వెలిగించకుండానే చాలాసేపు నిలబడింది. ఎనిమిది నెలలుగా తన చేతుల్ని తానే తిట్టుకుంది మరి.

మాండలిన్‌ని తన ఇంటికి తీసుకెళ్లిన సత్యప్రసాద్‌కి దాన్ని బాగుచెయ్యడానికి రెండు వారాలు పట్టింది. చెక్క పెచ్చులూడకుండా ఒక్కో మెట్టునూ వేడిచేసి లాగాడు. మెట్లు దిగే మెడపలకని చదును చేసి కొత్తవి దించి, అన్నిటినీ ఒక్క ఎత్తుకి ఆకురాయితో రుద్దాడు. బ్రిడ్జిని దించాడు. తర్వాత పన్నెండో మెట్టు దగ్గర నొక్కిన స్వరం సరిగ్గా పలికేదాకా దాన్ని వెంట్రుకవాసి చొప్పున జరిపాడు.

మాండలిన్ తెచ్చుకోవడానికి జయకుమారి తనే గమ్హరియా వెళ్లింది. అతని ఇంటి ముందుగదిలో కూర్చుని తీగ మీద వేలు ఆనించింది. ఆనిస్తే చాలు, పలికింది. జంట తీగలు ఒక్క తీగలా మోగాయి. స్వరం అంత తొందరగా ఆరిపోలేదు.

"బాగుంది గానీ... మా నాన్న వాయించినప్పటి మెత్తదనం లేదు బాబూ," అంది.

"కొత్త లోహం గదా, గట్టిగానే మోగుద్ది. నెల్లాళ్లు వాయించండి. అప్పటికీ నచ్చకపోతే తీగలు మారుద్దాం."

ఆమె ఒక పాట ఎత్తుకుని చివరిదాకా వాయించింది. వేళ్లు నొప్పి పెట్టలేదు. గుమ్మం దగ్గర కూర్చున్న అతని తల్లి చిలకమ్మ, "ఆపీకమ్మా, ఇంకోటి వాయించు," అంది. ఇంకో మూడు వాయించింది.

తర్వాతి ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళ, ఆమె లేచి నిలబడింది.

"నా చేతులు బాగుచెయ్యమని ప్రార్థన చేశాను. చేతులకేమీ కాలేదని చెప్పడానికి దేవుడు ఒక ఫిట్టర్ని పంపించాడు."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, కళ్లు తుడుచుకుంది. "ఆయన పేరు సత్యప్రసాద్. ఆయన కోసం, వాళ్లమ్మ కోసం ప్రార్థించండి."

ఇప్పుడు శనివారం సాయంత్రాలు సత్యప్రసాద్ సోనారి వస్తున్నాడు. భజనలో అతని చెయ్యి తొందరపడుతుందట. మణికట్టు వదులుగా ఉంచడమెలాగో ఆమె పక్కన కూర్చుని నేర్పుతోంది.