సమానం మావయ్య ఇంటర్నెట్

ఒక మనిషిని ఇంకొకరికంటే ముందు పెట్టమంటే చాలు, సమానం మావయ్యకు ఒళ్లు మండుతుంది. తన పెళ్లిలో తనే పెళ్లికొడుకై ఉండి, భోజనానికి వరుసలో చిట్టచివర నిలబడ్డ ఘనుడు. ఒకసారి పంటినొప్పితో దవడ వాచి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. "పాపం, మీరు ముందు వెళ్లండి" అన్న పాపానికి పక్కనున్న పెద్దమనిషితో అరగంట పోట్లాడాడు. ఈలోగా డాక్టరు తాళం వేసుకుని ఇంటికెళ్లిపోయాడు.

అలాంటి మనిషి చేతిలో నూట పన్నెండు ఇళ్ల ఇంటర్నెట్ పడింది. ఒక చిన్న గది, గోడ నిండా మిణుకు మిణుకుమనే పెట్టెలు, నేల నిండా వైర్లు. లైన్లు లాగేదీ, తెగితే అతికేదీ, జనం చేత తిట్లు తినేదీ ఆయన మేనకోడలు.

"మావయ్యా, లాయరుగారు ఫోన్‌లో ఉన్నారు. కేసు వీడియోలో నడుస్తోందట. ఒక్క గంట స్పీడు పెంచమంటున్నారు."

"పక్కింటి బుడ్డోడు బొమ్మలు చూస్తున్నాడు. వాడికి అదే హైకోర్టు. ఇద్దరికీ ఒకటే."

"మీ సొంత తమ్ముడు కూడా అడుగుతున్నాడు."

"తగ్గించనందుకు సంతోషించమను!"

ఒకరోజు పెద్ద సినిమాల కంపెనీ మేనేజరు వచ్చాడు. కూర్చోవడానికి చోటులేక వైర్ల చుట్ట మీదే కూర్చున్నాడు.

"మా సినిమాలు మెరుపులా రావాలండీ. మిగతావి కాస్త నెమ్మదిగా వస్తే చాలు. మీ వీధికి సినిమాలన్నీ ఉచితం."

"మిగతావంటే?"

"ఏముందండీ, వీడియో కాల్సూ క్లాసులూ, చిన్నాచితకా."

"ఎవరికి ఏది చిన్నదో చెప్పడానికి మీరెవరండీ?"

"ఒప్పుకోకపోతే మా తీగే వేసుకుంటాం. మీ గదికి తాళం పడుతుంది" అని మేనేజరు లేచాడు.

ఉచితం అనేసరికి వీధికి నోరూరింది. సాయంత్రానికి డెబ్బై ఇళ్లవాళ్లు కంపెనీకి మారిపోతామన్నారు. మేనకోడలు మావయ్య దగ్గరికి పరుగెత్తింది. ఈ గది పోతే మావయ్యకు వేరే బతుకు తెలియదు. కంపెనీకి ఒప్పుకోమని బతిమాలింది, ఏడ్చినంత పని చేసింది. ఆయన వింటేగా! ఈ సమానం ఎంత నిజమో చూద్దామని, ఉక్రోషంతో ఇళ్ల స్పీడ్ల జాబితా తెరిచింది.

"దొరికారు! దర్జీ అక్క ఇంటికి రెండు వాటాలా?"

మావయ్య జాబితాకు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆమె కూతురికి చెవులు వినబడవే. పాఠాలన్నీ చేతి సైగలతోనే. స్పీడు తగ్గితే టీచరు చేతులు గాల్లో ఆగిపోతాయి, మాట సగంలో తెగిపోతుంది."

"మరి మీ నియమం?"

"ఇంకొకరి వాటాలోంచి చిటికెడు తీశానా? అది మా ఇంటిది."

నిజమే. మావయ్య ఇంటి ఎదురుగా సున్నా ఉంది. రెండేళ్లుగా సున్నాయే.

మర్నాడు మేనేజరు ఒక మేడమీద జనాన్ని పోగుచేసి, తమ కంపెనీ లైను మీద సినిమా చూపించాడు. మెరుపులాగే వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. "ఇప్పుడు ఇదే లైను మీద ఈ పాప క్లాసు పెట్టండి" అంది మేనకోడలు, దర్జీ అక్క కూతుర్ని ముందుకు తెచ్చి. టీచరు చెయ్యి ముక్కు దాకా లేచి అక్కడే బిగుసుకుపోయింది. పాప తన చేతులు ఆడించి చూసింది. తెర కదల్లేదు. ఆ పిల్ల ముఖం చూసి అందరూ చప్పబడిపోయారు.

"అయితే నా కేసూ ఇంతేనా?" లాయరుగారు ముందు తేరుకున్నారు.

"మా అమ్మాయి వీడియో కాలూ ఇంతేనా?" అంది ఇంకొకావిడ.

ఆ తర్వాత మేనేజరు పెట్టె సర్దుకుని మెట్లు దిగడానికి ఎక్కువసేపు పట్టలేదు. వీధిలో ఒక్క ఇల్లూ మారలేదు.

రెండోరోజు పొద్దున్నే మావయ్య రొప్పుతూ గదిలోకి వచ్చాడు.

"మా ఇంట్లో నెట్ వస్తోందేమిటే! ఎవరి వాటా కోశావు?"

"నాదే. రోజంతా ఇక్కడే పడి ఉంటాను, ఇంట్లో నాకెందుకు? ఇంకొకరిది చిటికెడు తీశానా?"

మావయ్య తప్పు కోసం చాలాసేపు వెతికాడు. దొరకలేదు. మేనకోడలి మీద ముద్దొచ్చి నెత్తిన ఒక మొట్టికాయ వేశాడు.

"సరేగానీ, మీ అత్తయ్యకి మాత్రం అసలు సంగతి చెప్పకు. మనింట్లో లైను పాడైందని రెండేళ్లుగా చెబుతున్నాను. ఇందాక నేనే బాగుచేశానన్నాను. పెళ్లయ్యాక మొదటిసారి నన్ను పనిమంతుడంది!"